నిజం చెబితే నాయనకు ఆశ పోతుందా?

మీరు రాసిన దాంట్లో ముఖ్యమైనవి ఇవి. మీ నాయనకు 64 ఏళ్లు, ఊరు వేంపల్లి దగ్గర పల్లె. కడుపులో క్యాన్సర్, కాలేయానికి పాకింది. బెంగుళూరులో ఇంక కీమో ఇవ్వలేమని ఇంటికి పంపించారు. ఆయనకు మాత్రం అల్సర్ అని చెప్పి పెట్టారు. పొద్దున లేచి 'ఈ తూరి విత్తనానికి ఎన్ని మూటల చెనిక్కాయలు ఎత్తిపెట్టినారు?' అని అడుగుతాడు. మాపటికి 'సొసైటీ అప్పు నేనుండంగానే కట్టేయండ్రా' అంటాడు. మీ అన్న కువైట్‌లో ఉన్నాడు, ఆగస్టులో సెలవు పెట్టుకున్నాడు. నిజం చెబితే ఉన్న ఆశ కూడా పోయి ముందే పోతాడేమోనని మీ అమ్మ భయం. చెప్పకపోతే మోసం చేసినట్టుందని మీ బాధ.

ముందు ఆ రెండు మాటలు చూడండి, చెనిక్కాయ (వేరుశనగ) విత్తనం మాట, అప్పు మాట. ఇంటివాళ్లు వీటిని విని 'ఆయనకు ఏమీ తెలియదు' అనైనా అనుకుంటారు, 'అంతా తెలిసిపోయింది' అనైనా అనుకుంటారు. రెండూ ఒకే మనిషి, ఒకే రోజు, మనస్ఫూర్తిగా అన్న మాటలే. చావు దగ్గరికొచ్చిన మనిషికి తెలియడం, తెలియకపోవడం అనేవి దీపం స్విచ్చు మాదిరి ఉండవు. ఒళ్లు బాగున్న గంటలో ముంగారు వాన గురించి మాట్లాడతాడు, వాంతి అయిన గంటలో అప్పు గురించి. అందుకే 'నిజం చెబితే ఆశ పోతుందా' అన్న ప్రశ్నలోనే చిన్న తప్పుంది. అందులో ఆశ అంటే బతుకుతానన్న నమ్మకం ఒక్కటే అని ఒప్పేసుకున్నట్టు. మంచం మీదున్న వాళ్ల ఆశ అంత పేదది కాదు. రాత్రి నిద్ర పట్టాలని ఉంటుంది, పెద్దకొడుకు మొహం చూడాలని ఉంటుంది, కొడుకులు భాగాల దగ్గర కొట్టుకోకూడదని ఉంటుంది, గండి ఆంజనేయస్వామికి మొక్కు బాకీ ఉండకూడదని ఉంటుంది. వీటి పక్కనే, ఏమో, ఏదన్నా జరిగి లేస్తానేమో అన్నది కూడా ఒక మూల ఉంటుంది. దాన్ని పీకేయాల్సిన పని మీకు లేదు.

1990లో కే హెర్త్ అనే అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు, మరణం దగ్గరపడిన రోగులనే కూర్చోబెట్టి ఆశను నిలిపేదేమిటి, చంపేదేమిటి అని అడిగారు. నిలిపేవాటిలో మనవాళ్లతో దగ్గరతనం, చేతికందే చిన్న లక్ష్యాలు, దైవం మీద నమ్మకం, నవ్వులాట, పాత జ్ఞాపకాలు, తనకింకా విలువుందని తెలియడం వచ్చాయి. చంపేవి మూడే వచ్చాయి: ఒంటరిగా వదిలేయడం, అదుపులేని నొప్పి, మనిషిగా లెక్కచేయకపోవడం. ఆ మూడింటిలో 'నిజం తెలియడం' లేదు. ఆ మూడూ మన ఇళ్లలో ప్రేమతోనే జరిగిపోతుంటాయి, కాబట్టి వాటి గురించే ఎక్కువ రాస్తాను.

మొదట నొప్పి. నొప్పి తగ్గకుండా ఆశ గురించి, నిజం గురించి మాట్లాడటం దండగ. నొప్పితో ఉన్న మనిషికి రేపు అనేదే ఉండదు, వచ్చే అరగంటే ఉంటుంది. క్యాన్సర్ నొప్పి ముదిరితే నోటితో వేసుకునే మార్ఫిన్ అసలు మందు. మన దగ్గర ఎక్కువగా 10 మిల్లీగ్రాముల బిళ్ల దొరుకుతుంది. మామూలుగా సగం బిళ్లతో మొదలుపెడతారు, బాగా నీరసించిన వాళ్లకు ఇంకా తక్కువతో. కిడ్నీలు సరిగా లేకపోతే లెక్క మారుతుంది, కాబట్టి మోతాదు డాక్టరే రాయాలి. మీ చేతిలో ఉన్నది గడియారం. పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. రాత్రి పదికి రెట్టింపు రాస్తారు, నడిరాత్రి లేపకుండా. నొప్పి లేకపోయినా టైముకు వేయాల్సిందే, ఎందుకంటే మందు పని నాలుగు గంటలే. నొప్పి వచ్చాక వేస్తే అది తగ్గేలోపు అరగంట నుంచి గంట నరకం. మధ్యలో నొప్పి లేస్తే ఒక విడత మోతాదు అదనంగా వేసి, ఒక నోటుపుస్తకంలో టైము రాయండి. రోజుకు మూడు నాలుగు అదనాలు పడుతున్నాయంటే అసలు మోతాదు చాలడం లేదని అర్థం. ఆ పుస్తకం చూపిస్తే డాక్టరు పెంచుతారు.

ఇక్కడ తప్పు జరిగేది మూడు చోట్ల. ఒకటి, 'ఇది ఆఖరు మందంట, నొప్పి బాగా ముదిరినప్పటికి దాచుకుందాం' అని ఇంటివాళ్లు బిళ్లలు మిగిలిస్తారు. మార్ఫిన్‌కు ఇంతకుమించి పెంచకూడదన్న గట్టి గీత లేదు, నొప్పితోపాటు డాక్టరు పెంచుకుంటూ పోవచ్చు, దాచాల్సిన పని లేదు. రెండు, మొదటి రెండు మూడు రోజులు మగతగా పడుకుంటాడు, దాన్ని చూసి భయపడి ఆపేస్తారు. ఆ మగత తగ్గిపోతుంది, కొన్నిసార్లు అది రాత్రుళ్లు పోగొట్టుకున్న నిద్రే. మూడోది మలబద్ధకం, ఇది మాత్రం తగ్గదు. బిసకోడిల్ 5 మిల్లీగ్రాముల బిళ్లలు రెండు రాత్రిపూట, మార్ఫిన్ మొదలైన రోజు నుంచే, డాక్టరును అడిగి రాయించుకోండి. మీ నాయనది కడుపులో గడ్డ కాబట్టి ఒకటి గమనించాలి: పొట్ట ఉబ్బి, గాలి కూడా పోక, వాంతులు ఆగకపోతే అది పేగు అడ్డుపడటం కావచ్చు, అప్పుడు బిసకోడిల్ వేయకుండా అదేరోజు చూపించాలి. మూడు రోజులు దొడ్డికి పోకపోతే మనిషి 'నన్ను వదిలేయండి' అంటాడు. అది చావు కోరిక అనుకుని ఇంటిల్లిపాదీ ఏడుస్తారు, ఎనీమాతో తీరిపోయే పనికి.

మార్ఫిన్ మామూలు మందుల షాపులో దొరకదు. 1985 మాదకద్రవ్యాల చట్టం దాన్ని బిగించింది, 2014 సవరణ కొంత సులువు చేసింది. గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లోనే ఇస్తారు. కడప రిమ్స్, కర్నూలు స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, తిరుపతి ఆసుపత్రులు మీకు అందుబాటులో ఉన్నవి. బస్సెక్కే ముందు ఫోన్ చేసి స్టాకు ఉందా అని కనుక్కోండి. బెంగుళూరు డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు జెరాక్సులు రెండేసి పెట్టుకోండి.

నొప్పి తగ్గి ఆయన రెండు రాత్రులు నిద్రపోయాక మాట్లాడండి. ఎవరు మాట్లాడాలంటే, ఆయన అప్పు గురించి ఎవరితో అన్నాడో వాళ్లు. పొద్దుటి మోతాదు వేసిన గంట తరువాత మంచి టైము. పరామర్శకు ప్రొద్దుటూరు నుంచి చుట్టాలు దిగే సాయంత్రం వద్దు. టీవీ ఆపి, నిలబడకుండా మంచం పట్టె మీద కూర్చోండి. చెప్పడంతో మొదలుపెట్టొద్దు, అడగడంతో మొదలుపెట్టండి. 'నాయనా, నీ ఒళ్లు నీకెట్లనిపిస్తాండాది?' అనండి. తరువాత 'బెంగుళూరు డాక్టరు ఏం చెప్పినాడని అనుకుంటాండావు?' ఆ తరువాత 'ఇంకా వివరంగా తెలుసుకోవాలనుందా, లేకుంటే మమ్మల్నే చూసుకోమంటావా?'

ఈ మూడో ప్రశ్న చాలా విలువైనది. 'మీరే చూసుకోండి, నాకెందుకు ఆ గోల' అంటే అది ఆయన నిర్ణయం, అక్కడ ఆగిపోండి. పది రోజులకు మళ్లీ ఒకసారి అడగండి. 'చెప్పు' అంటే ఒక్క ముక్క చెప్పండి: 'అది అల్సర్ కాదు నాయనా, గడ్డ. కాలేయానికి కూడా పోయింది. నీకు చెప్పేదానికి మాకే ధైర్యం చాల్లేదు.' అని ఊరుకోండి. మనసులో ఇరవై వరకు లెక్కపెట్టుకోండి. ఇంటివాళ్లు చెడగొట్టేది ఇక్కడే. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక 'ఏం కాదులే, బాగవుతుంది' అనేస్తారు, దాంతో ఆయన లోపల మాట లోపలే మింగేస్తాడు. ఏడిస్తే ఏడవనివ్వండి. చెప్పిన తరువాత ఒకటి రెండు రోజులు అన్నం సరిగా తినకపోవచ్చు, గోడ వైపు తిరిగి పడుకోవచ్చు. అది దుఃఖం, వస్తుంది. ఆశ పోయిందని దాన్ని చూసి తీర్మానించొద్దు. సాధారణంగా ఆ తరువాతే పాసుపుస్తకం ఎక్కడుందో చెప్పడం, చెల్లెలితో మాట కలపడం లాంటివి మొదలవుతాయి.

'నేను బతుకుతానా?' అని నేరుగా అడిగితే వెంటనే అవుననీ కాదనీ అనొద్దు. 'ఎందుకట్లనిపించింది నాయనా?' అని అడగండి. తొంభైపాళ్లు ఆ ప్రశ్న వెనక ఇంకో భయం ఉంటుంది: ఊపిరాడక పోతానా, నన్ను మళ్లీ ఐసీయూలో పడేస్తారా, మీ అమ్మకు ఎవరు దిక్కు. వాటికి మీ దగ్గర జవాబులున్నాయి. అప్పుడు చెప్పగలిగిన మాట ఇది: 'జబ్బును తీసేసే మందు లేదు. నొప్పిని తీసేసే మందుంది, అది ఆపం. నిన్ను ఒంటరిగా వదలం.' 'ఇంక చేసేదేమీ లేదు' అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానీయొద్దు. అది అబద్ధం కూడా. పైన రాసిందంతా చేసేదే.

ఈ సంభాషణకు ముందు మీ అమ్మను, అన్నను, చిన్నాయనను ఒక మాట మీదికి తెచ్చుకోండి. మీ అమ్మతో వాదించొద్దు, 'నేనుగా చెప్పను, ఆయన అడిగితే అబద్ధం ఆడను' అని మాత్రం చెప్పండి. చాలామంది అమ్మలు దీనికి ఒప్పుకుంటారు. ఆమె భయానికీ ఒక కారణం ఉంది, తాను కూడా ఆయన ముందు ఏడవకుండా ఉండగలిగేది అల్సర్ అన్న మాట అడ్డం పెట్టుకునే.

ఎంతకాలం అన్నదానికి వద్దాం. డాక్టర్లు నెలల సంఖ్య చెబితే దాన్ని రాయి మీద గీత అనుకోకండి. 2000లో షికాగోలో 343 మంది డాక్టర్లు 468 మంది రోగుల గురించి వేసిన అంచనాలను చూస్తే, దగ్గరగా తేలినవి 20 శాతమే. మొత్తం మీద, ఉన్న కాలం కన్నా 5.3 రెట్లు ఎక్కువ చెప్పారు. అంటే తప్పు ఎక్కువగా ఆశ వైపే పడుతుంది. అంకె అడగడం కన్నా పనికొచ్చే కొలత ఇంటివాళ్ల కళ్లలోనే ఉంది. మార్పు నెలనెలకూ కనిపిస్తుంటే నెలల లెక్క. వారం వారం కనిపిస్తుంటే వారాల లెక్క. రోజుకు రోజుకు కనిపిస్తుంటే రోజులే. మీరు రాసింది, 'పోయిన వారం అరుగు దాకా నడిచినాడు, ఈ వారం మంచం దిగడానికి ఇద్దరం పట్టుకోవల్ల' అని. ఈ మాటను దగ్గర పెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు ఆ చెనిక్కాయ విత్తనం సంగతి. ఇది మే నెల. పదునైన వాన జూన్ ఆఖరుకో జులైకో పడుతుంది. ఆయన చేను విత్తడం చూస్తాడో లేదో చెప్పలేం. అలాగని 'విత్తనం మాట మేం చూసుకుంటాం, నువ్వు పడుకో' అంటే 'నువ్వు లెక్కలో లేవు' అన్నట్టే. పెద్ద ఆశను ఇవాళ చేయగలిగే ముక్కలుగా కోయండి. విత్తడం జులైలో, గింజలు ఏరడం ఇవాళ చేయొచ్చు. వీపు వెనక రెండు దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, చాటలో రెండు దోసెళ్లు ఒలిచిన గింజలు పోసి ఒళ్లో పెట్టండి. ముడుచుకుపోయినవి, పొట్టు ఊడినవి ఏరి పక్కన పెట్టడం ఆయన వేళ్లకు తెలిసిన పని, కళ్లు మూసుకున్నా చేస్తాయి. పది నిమిషాలు చాలు, వేళ్లు ఆగిపోగానే చాట తీసేయండి, 'ఇంకొంచెం' అనొద్దు. కె-6 రకం వేద్దామా కదిరి లేపాక్షి రకం వేద్దామా, రెండెకరాలకు ఎన్ని కిలోలు పడతాయి, కంది సాళ్లు ఎన్నింటికొకటి పెట్టాలి, ఇవి నిజంగా అడగండి, ఆయన చెప్పింది ఆయన ఎదురుగానే పుస్తకంలో రాసుకోండి, చెప్పిందే చేయండి. మర్యాదకు అడిగి మీ ఇష్టానికి చేస్తే పసిగడతాడు.

పెళ్లిళ్లకూ ఇదే పద్ధతి. మనవరాలి పెళ్లి శ్రావణంలో అనుకుంటే, ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి నిశ్చయ తాంబూలాలైనా ముందుకు జరుపుకోవచ్చు, అదీ ఇంట్లో, మంచం పక్కనే. మొక్కు ఉంటే గండికి కారులో తీసుకుపోవచ్చు. అయితే మోతాదు వేసిన అరగంటకు బయలుదేరి తరువాతి మోతాదు లోపల తిరిగి రావాలి, ఆ బిళ్ల మాత్రం జేబులో ఉండాలి, మూత్రానికి సీసా, వాంతికి కవరు, తలకింద దిండు. మెట్లెక్కించే ప్రయత్నం వద్దు. పోలేకపోతే తీర్థం ఇంటికి తెప్పించండి, దేవుడేమీ అనుకోడు.

తిండి దగ్గర మన ఇళ్లలో జరిగేది చూడాలి. 'రెండు ముద్దలు సంకటి తింటే లేస్తావు' అని అందరూ కలిసి కుక్కుతారు. ముదిరిన క్యాన్సర్‌లో ఒళ్లు కరగడం తిండి చాలక జరిగేది కాదు, జబ్బే కండను తినేస్తుంటుంది, బలవంతంగా పెట్టినా బరువు రాదు. వాంతి మాత్రం వస్తుంది, పైగా పాపం తాను మీ ఆశను వమ్ము చేస్తున్నానని కుమిలిపోతాడు. రాగి అంబలి మజ్జిగ కలిపి, అడిగినప్పుడు నాలుగు చెంచాలు చాలు. గ్లూకోజ్ సీసా గురించి కూడా. అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు. సీసా వేలాడుతుంటే ఇంటివాళ్లకు ఏదో చేస్తున్నామన్న ధైర్యం, అంతవరకే. చివరి రోజుల్లో ఆ నీళ్లు కాళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరి గురగుర పెంచుతాయి. ఊరి డాక్టరును రోజూ ఎక్కించమని పీడించకండి.

క్యాన్సర్ మాయం చేస్తామనే పొడులవాళ్లు మీ ఊరికి ఈపాటికి ఫోన్ చేసే ఉంటారు. మొక్కునూ వీళ్లనూ ఒకే గాటన కట్టొద్దు. మొక్కు తీసుకునేది కొబ్బరికాయ, వీళ్లు అడిగేది ఎకరా. డబ్బంతా ముందే కట్టమన్నా, మార్ఫిన్ ఆపమన్నా, నయమవుతుందని మాటిచ్చినా అక్కడికక్కడే వద్దనేయండి. కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతారు. రెండు వారాలు ఆకలి లేస్తుంది, మొహం నిగనిగలాడుతుంది, ఊరంతా అబ్బో అంటుంది, తరువాత మనిషి ఒక్కసారిగా కూలబడతాడు. ఆకలికే కావాలంటే డాక్టరే స్టెరాయిడ్‌ను కొలతగా రాస్తారు, ఖర్చు చాలా తక్కువ. ఎవరైనా మళ్లీ కీమో అంటే ఒక్క ప్రశ్న అడగండి: ఇది నయం చేయడానికా, కాలం పెంచడానికా, బాధ తగ్గించడానికా? ఇది అడగనివాళ్లు ఎంతోమంది. 2012లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ వాళ్లలో 69 శాతం, పెద్దపేగు క్యాన్సర్ వాళ్లలో 81 శాతం మందికి ఆ కీమో తమ జబ్బును నయం చేయదని అర్థంకానే లేదు.

ఒంటరితనం గురించి క్లుప్తంగా. ఆయనకు వేరే పళ్లెం, వేరే లోటా పెట్టి ఉంటే ఇవాళే తీసేయండి, క్యాన్సర్ అంటుకోదు. మనవళ్లను మంచం మీద కూర్చోనివ్వండి. (ఇది చదివే నోటి క్యాన్సర్ వాళ్ల ఇంటివాళ్లకు: పుండు వాసనే మనుషుల్ని దూరం చేస్తోంది. మెట్రోనిడజోల్ బిళ్లలు మెత్తగా పొడిచేసి, ఉప్పునీళ్లతో కడిగిన పుండు మీద రోజూ చల్లితే నాలుగైదు రోజుల్లో వాసన బాగా తగ్గుతుంది. పుండు నోటి లోపలిదైతే పుక్కిలించే పద్ధతి డాక్టరును అడగండి.) పాసుపుస్తకం, బ్యాంకు నామినీ, సొసైటీ అప్పు లెక్క ఆయన చేతుల మీదుగానే కానివ్వండి. వెంటిలేటర్ వద్దని ఆయన అంటే దాన్ని రాసిపెట్టుకోవచ్చు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఒప్పుకుంది, 2023 జనవరిలో పద్ధతి సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు సంతకం.

దుఃఖానికీ డిప్రెషన్‌కూ తేడా పట్టుకోవాలి. దుఃఖంలో ఉన్న మనిషి మనవణ్ణి చూస్తే కాసేపైనా తేరుకుంటాడు. రెండు వారాలుగా దేనికీ తేరుకోకుండా, 'నా వల్లే ఇల్లు మునిగింది, నేను పోతే పీడ పోతుంది' అని అదే పనిగా అంటుంటే అది జబ్బు, మందు ఉంది. మానసిక బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్, నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. చేనుకు కొట్టే మందుల డబ్బాలు ఇంట్లోంచి తీసి తాళం వేసిన చోట పెట్టండి, మార్ఫిన్ బిళ్లలు కూడా ఒకరి చేతిలోనే ఉండాలి. 'చావాలనుందా నాయనా' అని అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడగండి.

ఒకరోజు ఉన్నట్టుండి ఆయన లేచి కూర్చుని కాఫీ అడగొచ్చు, పేర్లన్నీ పిలవొచ్చు. కొందరిలో చివరికి ఒకటి రెండు రోజుల ముందు ఇట్లా జరుగుతుంది. తగ్గిపోయిందనుకుని కారు మాట్లాడుకుని బెంగుళూరు పరుగెత్తే ఇళ్లుంటాయి, ఆ రోజంతా హైవే మీద పోతుంది. ఆ రోజు ఎక్కడికీ కదలకండి, అందర్నీ పిలిపించి పక్కన కూర్చోండి. తరువాత మాట పడిపోయినా చెవి వినే అవకాశం ఉంది, తల దగ్గర కూర్చుని అంత్యక్రియల ఏర్పాట్లు మాట్లాడుకోవద్దు.

ఇక మీ అన్న సంగతి. ఆగస్టు అన్నది నెలల లెక్క. మీరు రాసినది వారాల లెక్క. కఫీల్‌తో (అక్కడ పనిలో పెట్టుకున్న యజమానితో) మాట్లాడి అత్యవసర సెలవు తీసుకోవడానికి రోజులు పడతాయి, బెంగుళూరు సర్టిఫికెట్ ఫోటో తీసి ఇవాళే పంపండి. అన్న వచ్చేవరకు నాయన మెలకువగా ఉండే పొద్దుటి వేళ రోజూ వీడియో కాల్ పెట్టండి, ఐదు నిమిషాలే, ఫోను ఆయన మొహానికి కాస్త దగ్గరగా. 'ఎప్పుడొస్తావురా' అని ఆయన అడిగితే మీ అన్న 'ఆగస్టుకు' అనకూడదు. టికెట్టు తీసి, తేదీ చెప్పాలి.